అద్దం మాత్రం ఫ్రీ

మా అమ్మ కొట్లో ఒక అద్దం ఉంది. పాల్వంచ దాటి బూర్గంపాడు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన తగిలే ఒక చిన్న ఊళ్లో మా కిరాణా కొట్టు. ఆ అద్దం మేం కొన్నది కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, 2003లో, ఆర్డరు రాసుకోవడానికి మోటార్ సైకిల్ మీద వచ్చే సేల్స్ కుర్రాడు తెచ్చి బిగించి పోయాడు. రెండు డజన్ల క్రీం పాకెట్లు తీసుకుంటే అద్దం ఫ్రీ. ఏ క్రీం అన్నది ఇక్కడ అనవసరం, అప్పటికే నాలుగైదు రకాలు వచ్చేవి. అద్దం పైభాగాన ఒక తెల్లటి అమ్మాయి ముఖం. కింద క్రీం పేరు, ధర. మధ్యలో జానెడు ఖాళీ. ఆ ఖాళీలో మన ముఖం కనిపిస్తుంది.

ఎక్కడ బిగించాలో కూడా అతనే చెప్పాడు. "గల్లాపెట్టె వెనకాల వద్దమ్మా, ఇటు పక్కన పెడదాం. నిలబడ్డోళ్ల మొకం అందులో పడాల" అన్నాడు. పాకెట్ల దండను దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత ఎత్తులో వేలాడదీశాడు. అమ్మ కాదనలేదు. కొట్లో అద్దం ఉంటే జనం ఒక నిమిషం ఎక్కువ నిలబడతారు, నిలబడితే ఏదో ఒకటి కొంటారు. మాకు తెలియని లెక్కేం కాదది.

ప్రకటనల మీద తర్వాత చాలా చదివాను. ఆ అద్దం చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. పైన ఆమె, కింద ధర, మధ్యలో నువ్వు.

ఈ వ్యాసం ఆ అద్దం మీద నా కోపం. అందులో కొంత వాటా నా మీద కూడా ఉంది. బడి అయిపోయాక సాయంత్రాలు ఆ కొట్లో కూర్చున్నది నేనే. దండలోంచి పాకెట్లు చింపి ఇచ్చింది నేనే.

*

ముందు రెండు వాదనలతో పేచీ పెట్టుకోవాలి.

ఒకటి హైదరాబాద్‌లో మిత్రుల దగ్గర తరచూ వింటాను. "మెడ మీద కత్తి పెట్టి ఎవడూ కొనమనట్లేదు కదా? ప్రకటన అంటే సమాచారం. నచ్చితే కొంటారు, లేకపోతే లేదు. జనం ఏమన్నా పిచ్చోళ్లా?" అని. రెండోది ఉద్యమాల్లో తిరిగే మిత్రులది. "పాపం, అమాయక గిరిజనులు. టీవీ చూసి మోసపోతున్నారు" అని. మొదటివాళ్లకు జనం మీద గౌరవం ఉన్నట్టు, రెండోవాళ్లకు జాలి ఉన్నట్టు కనిపిస్తుంది. ఇద్దరూ మా కొట్టు ముందు పది నిమిషాలు నిలబడి చూసినవాళ్లు కాదు.

రెండో వాదన సంగతి ముందు. మా కొట్టుకొచ్చే కోయ ఆడవాళ్లు తూకంలో పిసరంత తేడా వచ్చినా కాటా మళ్లీ పెట్టించేవాళ్లు. చింతపండు భద్రాచలంలో ఎంత పలుకుతోంది, డిపోలో ఎంత, మేం ఎంత ఇస్తున్నాం, మూడూ చెప్పి మరీ బేరమాడేవాళ్లు. ఏజెన్సీలో గిరిజనేతరుల కొట్టు మాది. 1/70 చట్టం ఉన్నచోట బతుకుతున్న షావుకార్లం. మమ్మల్ని వాళ్లు పూర్తిగా ఎప్పుడూ నమ్మలేదు, నమ్మకపోవడం న్యాయమే. అలాంటి మనుషులు ఒక పాకెట్ మీది బొమ్మ చూసి మోసపోయారంటే నేను ఒప్పుకోను.

వాళ్లు మోసపోలేదు, లెక్క వేసుకున్నారు. ఆశ్రమ పాఠశాల చదువు అయిపోయి ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో కాలేజీలో చేరిన అమ్మాయి బస్సు దిగగానే ఆమె మీద పడే చూపు ఒకటుంటుంది. ఆ చూపుకి ఆమె ఊరు, కులం, ఇంట్లో మాట్లాడే భాష అన్నీ ఒక్క ముఖంలోనే తెలిసిపోతాయి. తెలిసిపోయాయని అనుకుంటుంది. ఖమ్మంలో ఒక బట్టల షాపులో ముందు కౌంటర్లో చీరలు పరిచి చూపించే అమ్మాయిలంతా ఒక రంగు, వెనక మడతలు పెట్టి కవర్లలో వేసే అమ్మాయిలంతా ఇంకో రంగు ఉండటం నేను కళ్లారా చూశాను. అలా నిలబెట్టమని ఎవరూ కాగితం మీద రాసి ఉండరు. రాయక్కర్లేదు.

ఇది చూసిన అమ్మాయి ఐదు రూపాయలు పెట్టి ఒక పాకెట్ కొంటే ఆమె లెక్కలో తప్పెక్కడుంది? తప్పుంటే చదువు చెప్పి సరిచేయొచ్చు. లెక్క సరిగ్గానే ఉండటం ఇక్కడి ఘోరం.

ఇప్పుడు మొదటి వాదన. "ఎవరిష్టం వాళ్లది" అనే మిత్రుడు ఒక సంగతి నిజమే చెప్తాడు. నలుపును తక్కువ చూడటం టీవీ కనిపెట్టింది కాదు. ఎండలో పనిచేసే ఒంటినీ, నీడలో కూర్చునే ఒంటినీ వేరు చేసి వెల కట్టడం కులం ఎప్పుడో నేర్పింది. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో తెల్లటి అమ్మాయి కావాలని అడగడానికి ఏ క్రీం కంపెనీ మనకు డబ్బులివ్వలేదు. ఇంతవరకూ ఒప్పుకుంటాను. మరి ప్రకటన కొత్తగా చేసిందేమిటి?

మా ఊళ్లో ముసలమ్మలు ఆడపిల్లని చూసి "పిల్ల నలుపు, కట్నం ఎక్కువ అడుగుతారు" అనేవాళ్లు. క్రూరమైన మాటే. కానీ ఆ మాటలో తప్పు పిల్లది కాదు. దేవుడిదో, తలరాతదో, అడిగే మగపెళ్లివాళ్లదో. పిల్ల ఏడ్చేది, కోపం తెచ్చుకునేది, లేకపోతే ఎదురు తిట్టేది. మా కొట్లో అద్దం వచ్చాక, ఇంటింటికీ కలర్ టీవీ వచ్చాక, అదే ముసలమ్మల నోట ఇంకో మాట మొదలైంది. "ఏదన్నా పూసుకోవచ్చు కదే?"

పూసుకోవచ్చు కదే. నా దృష్టిలో ప్రకటనల అసలు సృష్టి ఈ ఒక్క మాటే. క్రీం కూడా కాదు. అంతకుముందు నలుపు ఎవరో నిన్ను అన్న మాట. ఇప్పుడది నువ్వు చేయకుండా వదిలేసిన పని. అవమానం కాస్తా బద్ధకం అయిపోయింది. అన్నవాడు పక్కకు తప్పుకున్నాడు, పడినవాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఐదు రూపాయలకు దొరికేదాన్ని కూడా వాడుకోలేదంటే తప్పెవరిది? ఈ ప్రశ్నను ఒక సమాజం మొత్తం చేత అడిగించగలిగాక, కొనడమా మానడమా అన్నది ఇక ఎవరి ఇష్టం?

*

ఆ ప్రశ్నను ఎలా అడిగించారో కాస్త చరిత్ర చూద్దాం.

హిందుస్తాన్ లీవర్ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీని తెచ్చింది. మా తరానికి గుర్తున్న ప్రకటనలు రెండు. ఒకటి ఎయిర్ హోస్టెస్‌ది. కొడుకు ఉంటే బాగుండేదని తండ్రి నిట్టూరుస్తాడు, కూతురు క్రీం పూసుకుని ఎయిర్ హోస్టెస్ అయి ఇంటిని నిలబెడుతుంది. రెండోదాంట్లో ఒక అమ్మాయి క్రికెట్ కామెంటేటర్ కావాలని కలగని, క్రీం పూసుకుని, కృష్ణమాచారి శ్రీకాంత్ పక్కన కూర్చుంటుంది. ఆ అమ్మాయి జెనీలియా. మూడేళ్ల తర్వాత మనమంతా ప్రేమించిన 'బొమ్మరిల్లు' హాసిని.

ఈ రెండింటినీ జాగ్రత్తగా గమనించండి. రెండింట్లోనూ గమ్యం పెళ్లి కాదు, ఉద్యోగం. సొంత సంపాదన, తండ్రి కళ్లలో గర్వం. ఆడవాళ్లు దశాబ్దాలు కొట్లాడి సంపాదించుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. మొగుడి కోసం కాదమ్మా, నీ కోసమే పూసుకో అంటుంది ప్రకటన. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లి ఫిర్యాదు చేస్తే ఎయిర్ హోస్టెస్ ప్రకటన 2003లో ఆగింది. మా కొట్లో అద్దం బిగించిన సంవత్సరం కూడా అదే. ఢిల్లీలో ఒక ప్రకటన ఆగడానికీ, పాల్వంచ అవతల ఒక అద్దం వెలవడానికీ మధ్య ఏ అడ్డూ లేదు.

2005లో మగవాళ్ల వంతు వచ్చింది. ఇమామీ కంపెనీ ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చింది, తర్వాత షారుఖ్ ఖాన్ దాని ముఖం అయ్యాడు. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి ఒక నియమం పెట్టింది. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, ఓడిపోయినట్టుగా, తక్కువవాళ్లుగా చూపించకూడదని. 2020 ఫిబ్రవరిలో, 1954 నాటి మాయామందుల ప్రకటనల చట్టానికి సవరణల ముసాయిదా బయటికొచ్చింది. తెల్లబరుస్తామని చెప్పుకునే ప్రకటనలను కూడా అందులో చేర్చారు. మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. లోకమంతా రోడ్ల మీదికొచ్చింది. జులైలో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. నలభై అయిదేళ్లు ఇక్కడి ఆడపిల్లలు పడిన మాటలకు మారని పేరు, ఇంకో దేశంలో ఒక మనిషి ప్రాణం పోతే నెలన్నరలో మారింది.

ఇక్కడ నా వాటా ఇంకోటి చెప్పాలి. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో రెండేళ్లు ప్రకటనలకు తెలుగు అనువాదాలు చేశాను. హిందీలోనో ఇంగ్లీషులోనో వచ్చిన మాటను పెదవుల కదలికకు సరిపోయేలా తెలుగులో రాయాలి. మాటకు ఇంత అని ఇచ్చేవాళ్లు. ఒక క్రీం ప్రకటన వచ్చినప్పుడు దాంతోపాటు ఒక చిన్న కాగితం కూడా వచ్చింది. వాడకూడని మాటలు: తెలుపు, తెల్లని, ఫెయిర్. వాడదగిన మాటలు: కాంతి, మెరుపు, నిగారింపు. నేను శుభ్రంగా నిగారింపు అని రాసిచ్చాను. తెర మీద మాత్రం ఆ అమ్మాయి ముఖం మొదట చీకట్లో ఉంటుంది, చివరికి వెలుగులోకి వస్తుంది. బొమ్మను ఎవరూ మార్చలేదు.

భాషను ప్రేమించేవాళ్లం కదా మనం, అందుకే ఈ సంగతి మీకు చెప్తున్నాను. నిగారింపు ఎంత మంచి మాట! కొత్తగా తోమిన ఇత్తడి చెంబుకు, వానకు తడిసిన చింతచిగురుకు, నల్లటి గేదె వీపుకు కూడా నిగారింపు ఉంటుంది. ఆ మాటను తెలుపుకి మారుపేరు చేసి అమ్మేశాం. నాకు ముట్టింది నాలుగు వందల రూపాయలు.

*

ప్రకటన అంటే టీవీ అనుకుంటే మా ఊళ్ల సంగతి అర్థం కాదు.

షాంపూ పాకెట్ కథ తీసుకోండి. కడలూరు నుంచి 1983లో మొదలైన చిక్ షాంపూవాళ్లు పల్లెల్లోకి వెళ్లి, పిల్లల తలలకు అందరి ముందూ షాంపూ రుద్ది, వాసన చూడమన్నారు. ఖాళీ పాకెట్లు తెచ్చిస్తే కొత్తది ఉచితమన్నారు. రూపాయికి, అర్ధరూపాయికి దొరికే పాకెట్ పేదవాళ్లను దోచిందని చాలామంది రాస్తారు. నేను ఆ మాట అనను. కొన్నిసార్లు సీసా కంటే పాకెట్టే చవక, కొట్టు నడిపినవాళ్లకు ఇది తెలుసు. పాకెట్ చేసిన పని వేరు. కోరికను రోజుకూలీకి సరిపోయే కొలతలో కోసిచ్చింది. నెల జీతం లేని మనిషి నెలకు సరిపడా సీసా ఎందుకు కొనలేదని ఎవరూ అడగరు. రూపాయి పాకెట్ ఎందుకు కొనలేదని అడుగుతారు. పూసుకోవచ్చు కదే అన్న మాట నిలబడేది ఆ రూపాయి మీదే.

తర్వాత, 2001లో, హిందుస్తాన్ లీవర్ మన పక్క నల్లగొండ జిల్లాలో ప్రాజెక్ట్ శక్తి మొదలుపెట్టింది. పొదుపు సంఘాల ఆడవాళ్లనే తీసుకుని, సరుకు ఇచ్చి, చుట్టుపక్కల ఊళ్లలో అమ్మించింది. వాళ్లకు శక్తి అమ్మ అని పేరు పెట్టింది. అక్కడి నుంచి ఆ పథకం దేశమంతా పాకింది. ఆ ఆడవాళ్లకు కాస్త ఆదాయం వచ్చింది, నేను కాదనను. కానీ ఏం జరిగిందో చూడండి. రూపాయి రూపాయి దాచుకుని సారా వ్యాపారినీ వడ్డీ వ్యాపారినీ ఎదిరించడానికి కూడిన గుంపు, సబ్బు చేరవేసే దారి అయింది. టీవీలో అమ్మాయి చెప్తే ఛానెల్ మార్చొచ్చు. పక్కింటి అక్క గుమ్మంలో కూర్చుని, మంచినీళ్లు తాగి, "నీ పిల్లకు ఒకసారి వాడి చూడు" అంటే ఏ బటన్ నొక్కుతారు?

కొట్లో నేను చేసిందీ అదే పని. ఆ మాట కాసేపట్లో చెప్తాను.

*

ఇంతవరకూ చదివి మీరు, నగరంలో ఉండే నా తోటి పాఠకులు, తల ఊపుతూ ఉండొచ్చు. పాపం ఆ పిల్లలు, మనం ఎప్పుడో బయటపడ్డాం అనిపించొచ్చు. కాస్త ఆగండి.

మా అడవిలో కుంకుడుకాయలు ఏరతారు, ఇప్పపూలు ఏరతారు, తేనె తీస్తారు. 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ ఇలాంటివి కొంటోంది. కుంకుడుకాయలు డిపోలో అమ్మి, అదే డబ్బుతో మా కొట్టుకొచ్చి షాంపూ పాకెట్ కొన్న ఆడవాళ్లకు నేనే చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. పాకెట్ మీద కుంకుడుకాయ బొమ్మ ఉండేది. ముందు కుంకుడుతో తలంటుకోవడం మోటు అని నేర్పారు. కళ్లు మండుతాయి, వాసన, టైం పడుతుంది, పల్లెటూరి పని. ఆ మోటుతనం అందరికీ బాగా ఎక్కాక, అదే కాయ బొమ్మ వేసి ఆ గుణాలన్నీ ఇందులో ఉన్నాయని తిరిగి అమ్మారు. మా కొత్తగూడెం బొగ్గు సంగతి కూడా అంతే. పళ్లకు బొగ్గా అని నవ్విన పళ్లపొడి ప్రకటన దూరదర్శన్ రోజుల్లో వచ్చేది. ఇప్పుడు బొగ్గు టూత్‌పేస్టు మీ సూపర్‌మార్కెట్లో మామూలు పేస్టు కంటే ఎక్కువ ధరకు దొరుకుతుంది.

అది మీ కోసం. మోటు అని మా దగ్గర మాన్పించినవన్నీ సహజం అని మీకు అమ్ముతున్నారు. కూకట్‌పల్లి ఫ్లాట్లో ఉన్న మీకు నలుపు సిగ్గు కాకపోవచ్చు. మీ సిగ్గు వేరే. ప్లాస్టిక్ జీవితం గడుపుతున్నాననే సిగ్గు. తిండిలో విషం, గాలిలో విషం, మూలాలు తెగిపోయాయి అనే దిగులు. దానికీ ఒక సీసా తయారు. అడవి తేనె, ఇప్పపూల లడ్డు, గానుగ నూనె, ముఖానికి ఏమీ రాసుకోనట్టు కనిపించడానికి రాసుకునే ఏడు రకాల సీరమ్‌లు. సెల్‌ఫోన్‌లో ఒక అమ్మాయి తన పడగ్గదిలో కూర్చుని, స్నేహితురాలిలా, "నేనైతే ఇదే వాడుతున్నా" అంటుంది. ఇలాంటివాటికి డబ్బు తీసుకుంటే ప్రకటన అని రాయాలని 2021లో నియమం వచ్చింది. రాస్తున్నారు కూడా, చిన్న అక్షరాల్లో. నల్లగొండ శక్తి అమ్మకీ ఈమెకీ తేడా ఇంగ్లీషు యాస మాత్రమే.

ఇంకో సంగతి గమనించారా? ఆ తేనె సీసా మీద, ఆ లడ్డు పెట్టె మీద కోయ అమ్మాయి బొమ్మ ఉంటుంది. నల్లటి ముఖం, తెల్లటి నవ్వు, మెడలో పూసలు. కొమ్ముల నాట్యం బొమ్మ కూడా వేస్తారు. షాంపూ ప్రకటనలో ఆ అమ్మాయికి ఎప్పుడూ చోటు లేదు. క్రీం ప్రకటనలో ఉన్నా మొదటి రెండు క్షణాలే. తేనె సీసా మీద మాత్రం ఆమె శాశ్వతం. ఒకే ముఖం. ఆమెకు అమ్మేటప్పుడు లోపం, మీకు అమ్మేటప్పుడు స్వచ్ఛత. ఎక్కడ ఎంత పలుకుతుందో చూసి దాన్ని తిప్పుతున్నారు. రెండు చోట్లా ఆమెను అడిగినవాళ్లు లేరు.

భద్రాచలం వంతెన మీద ఎప్పుడైనా బస్సు ఆగితే రెండు పక్కలా చూడండి. ఇటు సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు. 1979 నుంచి నడుస్తోంది. పెట్టెలు చేసే అట్ట ఇక్కడ తయారవుతుంది. మా జిల్లా రైతులు చేలల్లో వేసిన సుబాబుల్, జామాయిల్ కర్ర లారీల్లో అక్కడికి పోతుంది. అటు గట్టు మీద రాముడి గుడి. ఆ రాముణ్ణి మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అనే అడవి స్త్రీ అని స్థలపురాణం. నీలమేఘశ్యాముడని పొగుడుతూ ఆయనకు ఏటా పెళ్లి చేస్తాం. పెళ్లికొడుకు నల్లగా ఉన్నాడని ఇంతవరకూ ఎవరూ అనలేదు. నవమికి వెళ్లే దారి పొడుగునా కట్టిన ఫ్లెక్సీల్లో మాత్రం ఒక్క నల్లటి ఆడముఖం వెతికి చూపించండి.

*

ఇప్పుడు నేను చేసిన పని.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. కోయ అమ్మాయి, నాకంటే బాగా చదివేది, లెక్కల్లో ముఖ్యంగా. సాయంత్రం ఉప్పుకో కిరసనాయిలుకో కొట్టుకొచ్చేది. ఒకరోజు అద్దంలో చూసుకుంటుంటే నేను అన్నాను: "ఇది వాడవే, ఆరు వారాల్లో తేడా తెలుస్తది." పాకెట్ వెనక రాసి ఉన్న మాట అది. అప్పటికి నాకు నోటికొచ్చు. ఆమె నవ్వి, "నువ్వు వాడతన్నవా?" అంది. నేను వాడట్లేదు. అమ్మకడానికి తెచ్చిన సరుకు మనం వాడకూడదని అమ్మ రూలు. "ఆఁ, వాడతన్నా" అన్నాను. ఆమె ఐదు రూపాయలు ఇచ్చింది.

అది వాడినందుకు ఆమెకేమీ కాలేదు, నల్లగానే ఉంది. కాకపోవడమే తర్వాతి కథకు దారి. ఇది పనిచేయకపోతే ఇంకా గట్టిది కావాలనిపిస్తుంది. ఇంటర్లో ఉండగా పక్క ఊళ్లో మందుల షాపతను ఒక ట్యూబ్ ఇచ్చాడట. పది రోజుల్లో తెల్లబడింది, అందరూ మెచ్చుకున్నారు. అది స్టెరాయిడ్ కలిసిన మందు అని ఆమెకు తెలియదు. రెండేళ్లు పూసింది. మానితే ముఖం మండేది, మళ్లీ పూసేది. చర్మం పల్చబడింది, బుగ్గల మీద ఎర్రటి నరాలు తేలాయి, ఎండలోకి వెళ్తే నిప్పు పెట్టినట్టు ఉండేది. మా దగ్గర తునికాకు కోత ఎండాకాలంలో. ఆ రెండు వేసవులు ఆమె ఆకు కోతకు పోలేదు, ఇంటికి ఆ డబ్బు రాలేదు. ఖమ్మంలో చర్మ డాక్టరు ట్యూబ్ పేరు చూడగానే తల పట్టుకున్నాడని చెప్పింది.

ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో, తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ల కిడ్నీలు దెబ్బతినడం డాక్టర్లు గమనించారు. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. ట్యూబ్ ఇచ్చిన షాపతనిదే తప్పని ఎవరైనా అంటే, అతనిదీ తప్పే అంటాను. కానీ అతను ఏ టీవీలోనూ ఒక్క ప్రకటన కూడా వేయలేదు. వేయక్కర్లేకపోయింది. అతని కోసం ఆ పని ముప్పై ఏళ్లుగా ఇంకెవరో చేసిపెట్టారు. మా కొట్లో నేను చేసిపెట్టాను.

*

అయితే ఏం చేయాలి అని అడుగుతారు. బహిష్కరించమని నేను చెప్పను. ఆ ఐదు రూపాయల పాకెట్ మానేస్తే బట్టల షాపువాడు ఆ అమ్మాయిని ముందు కౌంటర్లోకి తేడు. ఆమెను కొనొద్దని చెప్పడం కూడా మళ్లీ భారం ఆమె మీద వేయడమే. పూసుకోవచ్చు కదే అన్న నోటితోనే, ఎందుకు పూసుకున్నావే అనడం.

నా కోరిక చిన్నది. వాళ్లెందుకు కొంటున్నారని అడగడం మానేద్దాం. ఆ ముఖానికి ధర కడుతున్నది ఎవరని అడుగుదాం. కౌంటర్లో ఎవరిని నిలబెడుతున్నావని షాపువాణ్ణి, తెలుగు తెర మీద తెలుగు ఒంటిరంగు ఎందుకు లేదని సినిమావాణ్ణి, తెల్లటి కోడలు ఎందుకని మన ఇళ్లలో వాళ్లను అడుగుదాం. ఫెయిర్‌నెస్ క్రీం ప్రకటన కాదన్న సాయిపల్లవిని పొగుడుతూ మనం బోలెడు పోస్టులు పెట్టాం. ఆమె డబ్బు వదులుకుంది. పోస్టు పెట్టడానికి మనం వదులుకున్నదేమీ లేదు.

మనల్ని మనం కూడా అడగాలి. కథలు రాసేవాళ్లం, చదివేవాళ్లం. మన కథల్లో నాయిక పసిమి ఛాయలో మెరుస్తూ వస్తుంది, పనిమనిషి నల్లగా, బలంగా, నవ్వితే పళ్లు మాత్రమే కనిపించేలా వస్తుంది. అద్దం మీది బొమ్మకు మాటలు రాసింది నాలాంటి అనువాదకులే కాదు. మాటలు అంతకుముందే తయారుగా ఉన్నాయి, నేను ఏరుకున్నానంతే.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అద్దం తీసేద్దామని అమ్మతో అన్నాను. పైనున్న బొమ్మ ఎప్పుడో వెలిసిపోయింది, పేరు చెరిగిపోయింది. "నీకేం, రాసుకుని పోతవ్. అద్దం తీస్తే పిల్లలు నిలబడరు, బేరం పోద్ది" అంది. తీయలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ రోజే నా క్లాస్‌మేట్ కొట్టుకొచ్చింది. ముఖం చాలావరకు నయమైంది. ఎండకు మాత్రం ఇప్పటికీ కొంగు కప్పుకునే వస్తుంది. ఇలా ఒకటి రాస్తున్నాను, నీ సంగతి రాయనా అని అడిగాను. కొంతసేపు ఏమీ అనలేదు. బయట ఆమె కూతురు, ఆరో తరగతి, అద్దంలో చూసుకుంటూ జడకు క్లిప్పు పెట్టుకుంటోంది. ఆమె గొంతు తగ్గించి అంది: "రాయి. నా పేరు మాత్రం రాయకు. నేను అట్టాంటియి పూసుకున్నానని నా బిడ్డకు తెల్వదు. తెలిస్తే నాకు సిగ్గు."

మందు ఇచ్చినవాడికి లేదు. ప్రకటన తీసినవాళ్లకు లేదు. అబద్ధం చెప్పి అమ్మిన నాకు కూడా ఇన్నేళ్లూ అంతగా లేదు. ఆమెకు ఉంది. ఇందులో ఆమె పేరు లేకపోవడానికి కారణం అదే.